పలకని అక్షరాలకు కూలి

వరద తీసినాక మూడో దినం
హంద్రి ఒడ్డున దొరల సమాధుల కాడికి పోతిమి,
నేను, నడిపెన్న, మున్సిపాలిటీ ట్రాక్టరు.
బురద మోకాలిబంటి.
ఎవరింటివో శెనగలు మూట పగిలి
సిలువ కింద మొలకలెత్తి ఉండె.

తిరగబడిన బండ ఒకటి.
బేతంచెర్ల నాపరాయి, నాలుగడుగుల పొడవు.
దాని మొగం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు:
ఆర్చిబాల్డ్ క్రేగ్, కాలువ సర్వేయరు,
ముప్పై ఒకటో ఏట కలరాతో పోయినాడు,
పుట్టిన ఊరు ఎడింబరో.
చెక్కింది మా జేజినాయన తాత, ఉశేనయ్య.
అక్షరానికి అణా బేరం.

ఆయనకు తెలుగు అక్షరమే రాదు, ఇంగ్లీషు యాడిది.
కాగితం మీద చీమల బారు చూసి
రాతి మీద చీమల బారు దించినాడు.
ఎడింబరోకు తొమ్మిది అక్షరాలు,
చివర రెండూ ఉత్తగా నిలబడి ఉంటాయి, పలకవు
అని స్వామిదాసు సారు చెప్పినాడు.
పలకని వాటికి గూడా లెక్కగట్టి ఇచ్చినారంట.
ఆ రెండణాలకు మా ఇంట్లో
కొర్రన్నంలోకి నెయ్యి పడిందని
మా జేజి చచ్చేదాకా చెప్పింది.

సారు ఆ ఊరు చూడలేదు.
చదివింది చూసినట్టు చెప్పేవాడు:
నల్లరాతి గుట్ట మీద కోట,
కోట కాళ్ళ కాడ నుంచి దిగే ఒకటే పొడుగాటి బజారు,
బజారుకు రెండు పక్కలా చేపముల్లు మాదిరి సందులు,
సందుల్లో ఏడంతస్తుల మిద్దెలు,
పైనుంచి మురికినీళ్ళు పారబోసే ముందు ఒక కేక.
మన తిత్తి శ్రుతికి పెద్దన్న లాంటి వాయిద్యం.
అచ్చాఫీసులు, వైద్యుల వాదాలు,
ఆగస్టు వస్తే సందుకొక నాటకం.
మధ్యాన్నం ఒంటిగంటకు కోట మీద ఫిరంగి పేలితే
ఊరంతా గడియారాలు దిద్దుకుంటుందంట.
"వాళ్ళ చట్టసభను లండన్‌లో కలిపేసినార్రా" అనేవాడు,
తన ట్రంకుపెట్టె ఎవరో ఎత్తకపోయినట్టు.

మాదీ అంతే గదా సార్, అంటి ఒకసారి.
మూడేండ్లు రాజధాని. డేరాల్లో రాజధాని.
మా నాయన గూటాలు కొట్టినాడు,
గుమాస్తాలకు ఉగ్గాని, బజ్జీ మోసినాడు,
ఒక తెల్లారి అవే గూటాలు పీకినాడు.
పీకిన గుంతల్లో వాన నిలిచి
కప్పలు సభ పెట్టినాయంట.
సారు నవ్వలేదు.
పదేండ్ల కిందట వాళ్ళ సభ వాళ్ళకు తిరిగొచ్చిందని పేపర్లో పడింది.
ఆ కబురు వినడానికి సారు లేడు.
మాది సంగతా, పోనీ.

గడ్డపార సందులో దూర్చి ఎత్తబోతే
"ఉండు, ఉండు" అన్నాడు నడిపెన్న.
బండ వీపు మీద గీతలు.
చేయి తిరగడానికి చెక్కుకున్న అక్షరాలు,
రెండు తలకిందులు,
ఒకటి నాలుగుసార్లు, చెవిపోగు మాదిరి.
వాటి కింద బొమ్మ.

చచ్చినోని ఊర్లో కోట ఉందని
ఎవరో చెప్పింటారు ఉశేనయ్యకు.
ఆయన ఎరిగిన కోటే చెక్కినాడు:
మా కొండారెడ్డి బురుజు,
పైన జెండా ఉండాల్సిన చోట పీర్ల పంజా,
కింద రెండేర్లు కలిసేకాడ ఒక చేప.
ఒక సందు. సందు కొసన
టోపీ పెట్టుకున్న మనిషి
తలుపు కొడతావుండాడు.
తలుపు ఓరగా తెరిచినట్టు
సన్నని గీత, ఉలి వణికినట్టుంది.

దీనికి ఎవరూ కూలి ఇచ్చిండరు.

ట్రాక్టరాయన హారన్ మీద హారన్.
మొగం పైకి పెట్టి బండను పండబెడితిమి.
బొమ్మ మళ్ళా మట్టిలోకి పోయింది.
ఫోన్లో ఫోటో తీద్దామంటే
నా ఫోను నీళ్ళు తాగి మూడ్రోజులు.

ఇంటికొస్తే గోడ మీద రెండాళ్ళెత్తు వరద గీత.
గడియారం ఆ రాత్రే ఆగింది.
టయమెంత, అని అడిగె నా భార్య, చీపురు పట్టుకొని.
పొద్దు వాలతావుంది. ఐదున్నర, అంటి.
అక్కడ ఫిరంగి పేలే వేళ.
ముల్లు తిప్పినాను.